సద్ది వేరు.. అంబలి వేరు!

తిరుపతి, చిత్తూరు పల్లెల్లో రాత్రి మిగిలిన రాగిసంగటి ముద్దను కుండలో నీళ్లు పోసి ఉంచేస్తారు. తెల్లారాక మజ్జిగ, ఉప్పు వేసి పిసికి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగి పొలానికెళతారు. రాత్రంతా ఆ కుండలో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాకు పండగే! పొద్దున్నే అది సజీవంగా మన పేగుల్లోకి చేరుతుంది.

అంబలి కథ వేరు. పిండిని ముందే పులియబెట్టి, ఆనక కాస్తారు కదా.. ఆ వేడికి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇడ్లీ, దోసెలదీ అదే దారి. అయినా పులియడం వృథా పోదు. రాగుల్లోని ఇనుము, కాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు పులిసిన పిండిలో తగ్గుతాయి. బతికున్న బ్యాక్టీరియా కూడా కావాలంటే అంబలి బాగా చల్లారాకే మజ్జిగ కలపాలి.

అలాగని ప్రతి పెరుగునూ 'ప్రొబయాటిక్' అనేయలేం. సజీవంగా, తగినంత మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసేవాటికే ఆ పేరని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్ఏవో నిపుణులు 2001లో చెప్పారు. ఇంటి తోడులో ఏ రకం ఎంతుందో ఎవరు లెక్కపెట్టారు?

సద్దిని మళ్లీ వేడిచేయరు కాబట్టి కుండలో పోసేది కాచి చల్లార్చిన నీళ్లే అయ్యుండాలి. వాసన తేడాగా ఉంటే పారబోయాల్సిందే. ఇక పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే మజ్జిగతో సరిపెట్టకండి.. వెంటనే ఓఆర్‌ఎస్ పట్టాలి. రక్తం పడితే అదేరోజు డాక్టరుకు చూపించాలి.