పచ్చడి కాదు, సాల్సా!
(రేడియో ప్రసంగ పాఠం)



కిందటి వేసవిలో ఒక ఆదివారం డాలస్ దగ్గర ఒక పార్కులో పాతిక తెలుగు కుటుంబాల దాకా పిక్నిక్కు కలిశాం. తలా ఒక వంటకం తేవాలని ఏర్పాటు. పులిహోర ఒకరు, గారెలు ఒకరు, పెరుగన్నం ఒకరు. నా వంతుకి మామిడిపండు సాల్సా వచ్చింది. నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంటుని. ఏ పనైనా గడువుకి ముందే ముగించాలన్న పిచ్చి ఒకటి ఉంది. అందుకని శనివారం రాత్రే పెద్ద గిన్నెడు ముక్కలు తరిగి, ఉప్పూ నిమ్మరసం కలిపేసి, ఫ్రిజ్‌లో పెట్టి హాయిగా పడుకున్నాను. మన పచ్చళ్ళు ఊరేకొద్దీ రుచి కదా, ఇదీ అంతే అనుకున్నాను.

మర్నాడు పదకొండింటికి పార్కులో మూత తీస్తే గిన్నెలో సగం నీళ్ళు! ముక్కలు మెత్తబడి, ఉల్లిపాయ వాసన తప్ప మరో వాసన లేదు. సరే, వచ్చిన నీళ్ళు వంపేసి బల్ల మీద పెట్టాను. ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి పిల్లలు చిప్స్ పట్టుకుని గిన్నె చుట్టూ మూగారు. మా అమ్మ నూజివీడు నుంచి ఆర్నెల్లకని వచ్చి ఉంది. ఆవిడ లేచి వచ్చి గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒరేయ్, ఇది పొద్దుట్నుంచీ ఎండలో ఉంది. పిల్లలకి పెట్టకు, పారబొయ్యి" అంది.

"నిమ్మరసం వేశానమ్మా, ఏం కాదు" అన్నాను.

"నిమ్మరసం సరే. నూనె ఉందా? ఆవపిండి ఉందా? ఉప్పన్నా సరిగ్గా పడిందా? ఏ ధైర్యంతో నిలవుంటుందిరా ఇది?"

నలుగురి ముందూ నాకు చిన్నతనంగా అనిపించింది. అయినా పారబోశాను. ఇంటికొచ్చి, అమ్మ మాట తప్పని రుజువు చేద్దామని పట్టుదలగా చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆవిడ మాటే నిజమని తేలింది. ఆ చదివినదీ, ఆ తరవాత చేసి నేర్చుకున్నదీ ఇవాళ మీతో చెబుతాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, సాల్సా చూడ్డానికి మన పచ్చడికి చుట్టంలా ఉంటుంది కానీ దాని స్వభావం పూర్తిగా వేరు. పచ్చడికి కాలం మిత్రుడు, సాల్సాకి కాలం శత్రువు.

ముందు ఆ చుట్టరికం సంగతి చూద్దాం. స్పానిష్‌లో సాల్సా అంటే ఏ రకమైన సాసు అయినా సరే. ఆ మాట పుట్టింది ఉప్పు వేసినది అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి. స్పెయిన్ వాళ్ళు రాకముందే మెక్సికోలో మిరపకాయ, టమాటో కలిపి నూరుకుని తినేవారు. ఆ మిరపకాయే పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన వంటల్లో కారం అంటే మిరియాలదే. ఇక మామిడి మన వైపు నుంచి ఫిలిప్పీన్స్ చేరి, అక్కణ్ణించి స్పెయిన్ ఓడల్లో పసిఫిక్ దాటి మెక్సికో వెళ్ళింది. అక్కడ ఇప్పటికీ ఒక మామిడి రకం పేరు మనీలా! మెక్సికో వీధుల్లో మామిడి ముక్కల మీద నిమ్మరసం పిండి కారం చల్లి అమ్ముతారు. మన బడి ముందు ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు గుర్తొస్తున్నాయి కదూ?

ఇప్పుడు పండు సంగతి. మన వైపు మామిడిపళ్ళు రెండు తెగలు. పిసికి జుర్రుకునే రసాలు, కోసుకు తినే బంగినపల్లి లాంటివి. సాల్సాకి కావలసింది కోతపండు. ఇక్కడి దుకాణాల్లో ఎక్కువగా కనిపించే ఎర్రటి పండు టామీ యాట్కిన్స్. దీని వంశం వింటే మీకు ముచ్చటేస్తుంది. 1889లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు మన దేశం నుంచి ముల్గోబా అనే రకం అంట్లు తెప్పించి ఫ్లోరిడాలో నాటించారు. ఆ ముల్గోబా పండు టెంకల్ని 1902లో కెప్టెన్ జాన్ హేడెన్ అనే ఆయన తన పెరట్లో పాతితే పుట్టింది హేడెన్ రకం. ఆ హేడెన్ టెంకలోంచి వచ్చిందే ఈ టామీ యాట్కిన్స్. అంటే మనం వాల్‌మార్ట్‌లో చూసి మొహం చిట్లించే పండు మన దేశపు మామిడికి మనవరాలన్నమాట!

మరి రుచి ఎందుకలా చప్పగా ఉంటుంది? టామీ యాట్కిన్స్ దూరప్రయాణానికి తట్టుకుంటుందనీ, చూడ్డానికి బాగుంటుందనీ పెంచే రకం. దానికి తోడు గట్టిగా ఉన్నప్పుడే కోస్తారు. పండు ఈగ గుడ్లు దేశంలోకి రాకుండా, మెక్సికో నుంచి వచ్చే కాయల్ని 115 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి నీళ్ళలో గంటకు పైగా ఉంచి మరీ పంపుతారు. అయితే ఇక్కడే సాల్సా గొప్పతనం ఉంది. ఉత్తినే తింటే రుచించని పండు కూడా కాస్త పులుపు, కాస్త కారం, చిటికెడు ఉప్పు తగిలేసరికి ప్రాణం పోసుకుంటుంది. టామీ పీచు పండే గానీ ముక్క చెదరదు. తీపి ఎక్కువ కావాలంటే పసుపు రంగులో చిన్నగా ఉండే అటౌల్ఫో తీసుకోండి. హనీ మ్యాంగో పేరుతో కూడా అమ్ముతారు. వేసవి మొదట్లో బాగా దొరుకుతుంది, పీచుండదు, టెంక పల్చన. ఇక మన దేశపు మామిడిపళ్ళు 2007లో మళ్ళీ ఈ దేశంలో అడుగుపెట్టాయి. అంత ఖరీదు పెట్టి కొన్న బంగినపల్లిని మాత్రం దయచేసి సాల్సాలో వెయ్యకండి, ఉత్తినే తినండి!

పండిందో లేదో రంగు చూసి చెప్పలేం. తొడిమ దగ్గర వాసన చూడండి, బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. సాల్సాకైతే కొద్దిగా గట్టిగా ఉన్నప్పుడే వాడెయ్యాలి. కాయ గట్టిగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లదనానికి సరిగ్గా పండదు. కాగితం సంచిలో చుట్టిపెట్టినా, మన పెద్దవాళ్ళలా బియ్యం డబ్బాలో మాగబెట్టినా సరిపోతుంది. ఇంకో సంగతి. మామిడి, ఇక్కడి అడవుల్లో దురద పుట్టించే పాయిజన్ ఐవీ ఒకే కుటుంబం మొక్కలు. పాయిజన్ ఐవీ తగిలి ఒళ్ళు పొక్కిన అనుభవం ఉన్నవాళ్ళకి మామిడి సొన, తొక్క కూడా పడకపోవచ్చు. తొక్క ఇంకొకరి చేత తీయించుకోండి.

నలుగురికి సరిపడా కొలతలు రాసుకోండి. మామిడిపళ్ళు రెండు, అంటే ముక్కలు రెండు కప్పులు. ఎర్ర ఉల్లిపాయ సగం. హలపీన్యో మిరపకాయ ఒకటి. ఎర్ర క్యాప్సికం సగం. సన్నగా తరిగిన కొత్తిమీర పావు కప్పు. ఒక లైమ్ రసం, సుమారు రెండు టేబుల్ స్పూన్లు. ఉప్పు పావు టీస్పూను, చాలకపోతే తరవాత కలుపుకోవచ్చు. మామిడి దొరకని రోజుల్లో అనాస, వేసవిలో పీచ్ పళ్ళు కూడా ఇలాగే చెయ్యవచ్చు.

ముందుగా చేతులు కడుక్కుని, పళ్ళూ కూరలూ కుళాయి కింద రుద్ది కడగండి. తొక్క తీసేసేదాన్ని కడగడం ఎందుకంటారేమో. తొక్క మీది మురికిని చాకే లోపలి గుజ్జులోకి తీసుకుపోతుంది. 2008లో ఈ దేశంలో సాల్మొనెల్లా వల్ల 1,400 మందికి పైగా జబ్బుపడ్డారు. మొదట టమాటోలని అనుమానించారు. చివరికి మెక్సికో నుంచి వచ్చిన హలపీన్యో, సెరానో మిరపకాయల దగ్గర తేలింది. కడిగినంత మాత్రాన అంతా పోతుందని కాదు, కానీ మన చేతిలో ఉన్న జాగ్రత్త మనం తీసుకోవాలి. మాంసం కోసిన పలక మీద మాత్రం వీటిని తరగకండి. సాల్సా ఉడికేది కాదు, తప్పు చేస్తే సరిదిద్దే మంట ఇందులో లేదు.

ఉల్లిపాయని సన్నగా తరిగి పది నిమిషాలు చన్నీళ్ళలో వేసి పిండేస్తే ఘాటు తగ్గుతుంది. మిరపకాయలో కారమంతా గింజల్లో ఉంటుందని మనం అనుకుంటాం గానీ, అసలు కారం గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. పిల్లలకైతే ఆ పొర గీకేసి వాడండి. గుంటూరు మిరపకాయ తిన్న మనకి హలపీన్యో పెద్ద లెక్కలోది కాదు గానీ, ఒక్కో కాయ ఒక్కోలా ఉంటుంది, కాబట్టి చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూసుకోండి. తరిగాక చేతులు సబ్బుతో కడగండి. ఒట్టి నీళ్ళకి ఆ కారం వదలదు. ఆ చేత్తో కళ్ళు నలుపుకున్నారా, ఇక చెప్పక్కర్లేదు. నాలిక మండితే మంచినీళ్ళు కాదు, పెరుగో పాలో తీసుకోవాలి.

ఇక అసలు కీలకం. ఉప్పు ఎప్పుడు వెయ్యాలి? ఉప్పు తగలగానే ముక్కల్లో నీరు బయటికొస్తుంది. ఆవకాయలో ఆ ఊటే కావాలి. మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఊట చూసి మురిసిపోతాం. సాల్సాలో ఆ ఊటే చేటు. అందుకని ముక్కలన్నీ ముందే తరిగి, విడివిడిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోండి. ఉప్పూ లైమ్ రసం మాత్రం వడ్డించే ముందు, పావుగంట ఉందనగా కలపండి. ఆ కాసేపట్లో రుచులు ఒకదానితో ఒకటి కలుస్తాయి, ముక్క మాత్రం కరకరలాడుతూనే ఉంటుంది. రుచి చూసి తీపి ఎక్కువైతే పులుపు, పులుపు ఎక్కువైతే ఇంకాసిని పండు ముక్కలు. ఉగాది పచ్చడి కలిపే చేతికి ఇది వేరే నేర్పక్కర్లేదు.

ఇప్పుడు అమ్మ అడిగిన ప్రశ్న. ఇది ఏ ధైర్యంతో నిలవుంటుంది? ఆవకాయకి పచ్చిమామిడి పులుపుంది, బోలెడు ఉప్పుంది, ఆవపిండి ఉంది, పైన నూనె ఉంది. పండిన మామిడిలో పులుపు తగ్గిపోతుంది, తీపి పెరుగుతుంది. ఉల్లిపాయకీ, క్యాప్సికంకీ, కొత్తిమీరకీ పులుపు లేనే లేదు. ఒక లైమ్ చెక్క పిండినంత మాత్రాన అది నిలవపచ్చడి అయిపోదు. తరిగిన పండు బయట రెండు గంటలకు మించి ఉండకూడదని ఇక్కడి ఆహార భద్రత అధికారుల నియమం. వేడి 90 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. టెక్సస్ వేసవిలో మూడు గంటలు ఎండలో పెట్టిన నా గిన్నె గతేమిటో మీరే ఆలోచించండి. పార్టీలకి తీసుకెళితే ఐసు నింపిన పళ్ళెంలో గిన్నె పెట్టండి, కొంచెం కొంచెంగా బయటికి తియ్యండి. మిగిలింది ఫ్రిజ్‌లో రెండు రోజులు, అంతే.

దీన్ని సీసాల్లో పోసి మూత బిగించి ఇండియా పచ్చడిలా అలమరలో దాచుకుందామని మాత్రం ఎవరూ అనుకోవద్దు. పులుపు చాలని పదార్థాన్ని గాలి తగలకుండా సీసాలో మూస్తే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే ప్రమాదం ఉంది. దానికి రంగూ వాసనా మారనక్కర్లేదు. జార్జియా విశ్వవిద్యాలయంలోని ఇంటి ఆహార నిలవ కేంద్రం వాళ్ళు సీసాల్లో దాచుకునే మామిడి సాల్సాకి పరీక్షించిన పద్ధతి ఒకటి ఇచ్చారు. అందులో వాళ్ళు వాడమన్నది ఏమిటో తెలుసా? గట్టి పచ్చి మామిడికాయ, పైగా వెనిగరు! ఈ మాట చెబితే మా అమ్మ నవ్వి, "అది చదవడానికి నీకు మాస్టర్స్ డిగ్రీ కావాల్సొచ్చిందిరా" అంది.

ఆ మరుసటి ఆదివారం ఇంట్లోనే మళ్ళీ చేశాం. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి ఎప్పుడూ పచ్చడి ముట్టదు. నాన్నమ్మ ముక్కలు తరుగుతుంటే అది నిమ్మకాయ పిండింది. అమ్మ చివర్లో చిటికెడు వేయించిన జీలకర్ర పొడి చల్లింది. ఇది సాల్సా కాదు అని మా అమ్మాయి, ఇది పచ్చడీ కాదు అని మా అమ్మ. పావుగంటలో గిన్నె ఖాళీ! నిలవ ఉంచే సమస్యే రాలేదు. నన్నడిగితే సాల్సాని దాచుకునే సరైన పద్ధతి అదొక్కటే.

వచ్చే శనివారం మీరూ చేసి చూడండి. సెలవు.