తూనీగ

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు చెరువుల సీమలు. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువును 13వ శతాబ్దమున కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించెను. ఇట్టి చెరువుల గట్లపై తూనీగలు గుంపులుగా విహరించుచుండును.

బాలలారా! గాలిలో తిరుగు ఈ కీటకము బాల్యమంతయు నీటిలోనే గడుపును. రెక్కలు లేని ఆ పిల్ల, మడిచియున్న క్రింది పెదవిని రివ్వున చాచి దోమపిల్లలను పట్టి తినును. పిదప తుంగకాడ నెక్కి, చర్మము విడిచి, రెక్కలు విప్పును. పెరిగిన తూనీగయు దోమలను వేటాడును.

సన్నని మేనిగల చిన్నవానితో కలిపి లోకమున తూనీగలు సుమారు 6,000 జాతులు. కొన్ని నిలువ నీటిని, కొన్ని పారు వాగులను కోరును. చెరువు పూడినను, పురుగుమందు కలిసినను పెద్దవి ఎగిరిపోగలవు; పిల్లలు పోలేవు. కావున నీటిని నిర్మలముగా నుంచుడు. ఒడ్డున తుంగను కొంత మిగుల్చుడు. తూనీగ తోకకు దారము కట్టి ఆడుట మానుడు. అది మనకు మేలు చేయు నేస్తము.