నిద్రపోని కంప్యూటరు: అపోహలు – వాస్తవములు

కావేరీనదిపై శివసముద్రమున పుట్టిన విద్యుచ్ఛక్తి 1902వ సంవత్సరమున సుమారు 147 కిలోమీటర్లు తీగల వెంట ప్రయాణించి కోలారు బంగారు గనులను చేరినది మొదలు, ఛాంపియన్ రీఫ్, ఉరిగాం, కోరమండల్, మారికుప్పము మున్నగు తావులవారికి యంత్రమును, కరెంటును ఇంటి ముచ్చటలే అయినవి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ మూతపడిన పిమ్మట, గనిలోనికి దిగవలసిన తరమువారు తెల్లవారకమునుపే రైలెక్కి బెంగుళూరు కార్యాలయములకు పోయి రాత్రికి మరలి వచ్చుచున్నారు. వారిలో ననేకుల సంచులలో ల్యాప్‌టాప్ ఉండును, ఇండ్లలో పిల్లల చదువులకొక డెస్క్‌టాప్ ఉండును. ఈ యంత్రములు నిద్రింపుమన్నను నిద్రింపకుండుట, నిద్రించియు తమంతట తామే మేలుకొనుట అందరును ఎరిగిన ఇబ్బందియే. దానికి జనులు చెప్పుకొను కారణములు మాత్రము చాలవరకు అపోహలు. వానివలన ధనము వృథాయగుటయే గాక, చేసికొన్న పనియు పోవుచున్నది. కంప్యూటరు ఊరక మేల్కొనియుండదు. ఎవరి ఆజ్ఞవలన మేల్కొనియున్నదో చాలవరకు అదియే చెప్పగలదు. అడుగు పద్ధతి తెలిసికొనుటయే మన పని.

అపోహ 1: తెర చీకటియైనచో కంప్యూటరు నిద్రించినట్లే.

వాస్తవము: తెరను ఆర్పుట వేరు, యంత్రమును నిద్రపుచ్చుట వేరు, విండోస్ సెట్టింగులలో ఈ రెండింటికిని వేరువేరు గడువులు కలవు. తెర ఆరియున్నను లోపల ప్రాసెసరు, డిస్కు, ఫ్యాను యథావిధిగా పనిచేయుచుండవచ్చును. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి వెలువరించిన ఏ.సి.పి.ఐ. నిబంధనావళి ‘ఎస్ 3’ అని పేర్కొన్న సంప్రదాయ నిద్రలో ప్రాసెసరునకు విద్యుత్తు ఆగును, ఫ్యాను నిలుచును, ర్యామ్ అను తాత్కాలిక స్మృతికి మాత్రము కొద్దిపాటి విద్యుత్తు అందుచుండును. ర్యామ్‌లోని సమాచారమంతయు అతిసూక్ష్మమైన విద్యుదావేశముగా నిలిచి, నిరంతరము కారిపోవు స్వభావము కలది యగుటచేత, దానిని సెకనునకు అనేక పర్యాయములు మరల నింపుచుండవలెను. పంపులు అహోరాత్రములు నీటిని తోడినంత కాలము మన గనుల లోతట్టు సొరంగములు పనికివచ్చి, ఆ పంపులు ఆగిన పిదప జలమయమైనట్లే, విద్యుత్తు అందినంత వరకే ర్యామ్‌లోని పని నిలుచును. అది తెగినచో సర్వమును లుప్తమగును.

అపోహ 2: నిద్రపోని యంత్రము చెడిపోయినట్లే, విండోస్ మరల వేయింపవలసినదే.

వాస్తవము: గడువు దాటినను కంప్యూటరు నిద్రింపకుండుటకు సామాన్యమైన కారణము, నడచుచున్న ప్రోగ్రామో డ్రైవరో ‘నా పని ముగియలేదు, నిద్రింపవలదు’ అని విండోసునకు చేసికొన్న అభ్యర్థన. ఆ అభ్యర్థనల పట్టికను ఎవరైనను చూడవచ్చును. కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటరుగా తెరచి, ‘పవర్‌సిఎఫ్‌జి’ అను ఆదేశమును, దాని ప్రక్కన ఏటవాలు గీతతో ‘రిక్వెస్ట్స్’ అను మాటను ఆంగ్లాక్షరములతో టైపుచేసి ఎంటర్ నొక్కినచో, డిస్‌ప్లే, సిస్టమ్, అవేమోడ్ మున్నగు శీర్షికలు వరుసగా వచ్చును. ఏ అభ్యర్థనయు లేని శీర్షిక క్రింద ‘నన్’ అని యుండును. ఉన్నచో ఆ ప్రోగ్రాము పేరో డ్రైవరు పేరో యుండును. సిస్టమ్ అను శీర్షిక క్రింద సౌండు డ్రైవరు పేరును, దాని దిగువ ఆడియో స్ట్రీము వినియోగములో నున్నదను వాక్యమును కనబడినచో, బ్రౌజరులో మరచిన ట్యాబొకటి ధ్వనిని నడిపించుచున్నదనియో, మీటింగు ప్రోగ్రామొకటి మైకును విడువలేదనియో ఊహింపవచ్చును. దానిని మూసి, ఆదేశమును మరల నిచ్చి చూచినచో ఆ పంక్తి మాయమగును.

ఇచ్చట నొక భేదము గ్రహింపవలెను. ఈ అభ్యర్థనలు సాధారణముగా గడువు ప్రకారము యంత్రము తానై నిద్రించుటనే ఆపును. మెనూలో స్వయముగా ‘స్లీప్’ నొక్కినను యంత్రము నిద్రింపకున్నను, తెర ఆరి వెంటనే వెలిగినను, డ్రైవర్లను, తగిలించిన పరికరములను అనుమానింపవలెను. యు.ఎస్.బి. పరికరములను ఒక్కొక్కటిగా తీసి పరీక్షించి, గ్రాఫిక్స్, నెట్‌వర్క్ డ్రైవర్లను తయారీదారుని వద్దనుండియే తెచ్చుకొని నవీకరించినచో పెక్కు సందర్భములలో చిక్కు విడిపోవును. విండోస్ మరల వేయించుట కడపటి మార్గము.

అపోహ 3: రాత్రివేళ తనంతట తానే మేలుకొన్న కంప్యూటరులో వైరసు చేరినట్లే.

వాస్తవము: వైరసు భయము పూర్తిగా నిరాధారము కాకపోయినను, ఈ లక్షణమునకు సాధారణ కారణములు మిక్కిలి నిరపాయమైనవి. బల్ల కదలినపుడు మౌస్ చలించినను మేలుకొలుపు అందును. నెట్‌వర్క్ కార్డు తనకు వచ్చిన సంకేతమును చూచి యంత్రమును లేపవచ్చును. అప్‌డేట్ల కొరకు నియమింపబడిన వేక్ టైమరు అర్ధరాత్రి మ్రోగవచ్చును. అదే పవర్‌సిఎఫ్‌జి ఆదేశమునకు ‘లాస్ట్‌వేక్’ అని చేర్చినచో చివరిసారి లేపినదెవరో తెలియును. ‘వేక్‌టైమర్స్’ అని చేర్చినచో ముందు లేపబోవు టైమర్లు తెలియును. దోషి మౌసో నెట్‌వర్క్ కార్డో యైనచో, డివైస్ మేనేజరులో దాని పవర్ మేనేజ్‌మెంట్ పుటను తెరచి, కంప్యూటరును మేల్కొలుపు అనుమతి గడిలోని టిక్కును తీసివేయవలెను. కీబోర్డునకు మాత్రము ఆ అనుమతి నుంచుట మంచిది.

అపోహ 4: మూత మూసిన ల్యాప్‌టాపును నిశ్చింతగా సంచిలో పెట్టవచ్చును.

వాస్తవము: మారికుప్పమునుండి బంగారుపేట మీదుగా బెంగుళూరునకు రైలులో పోవువారు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. ఇటీవలి ల్యాప్‌టాపులలో ననేకములకు పూర్వపు ఎస్ 3 నిద్ర లేదు. దాని స్థానమున మోడరన్ స్టాండ్‌బై అను పద్ధతి వచ్చినది. ఇందు యంత్రము సెల్‌ఫోనువలె మగతగా నుండి, నడుమనడుమ మెయిళ్లను, అప్‌డేట్లను తెచ్చుకొనవచ్చును. లోపల ఏ డ్రైవరైనను, ప్రోగ్రామైనను దానిని విశ్రమింపనీయనిచో, గాలి చొరని సంచిలో అది వేడెక్కి, ఆఫీసు చేరునప్పటికి బ్యాటరీ హరించుకొనిపోవును. ఇది బ్యాటరీ ముసలితనమని తలచి క్రొత్తది కొనువారు కలరు. కొనకముందు పవర్‌సిఎఫ్‌జి ఆదేశమునకు ‘స్లీప్‌స్టడీ’ అని చేర్చి నివేదికను తీసి చూచినచో, మూత మూసియున్న వేళ ఎవరెంత విద్యుత్తును తినివేసిరో తెలియును. ప్రయాణమునకు శాశ్వత పరిష్కారము, మూత మూసినపుడు యంత్రము హైబర్నేట్ కావలెనని, అనగా పనిని డిస్కుపై దాచి పూర్తిగా ఆగవలెనని, కంట్రోల్ ప్యానెలులో నిర్ణయించుట.

అపోహ 5: స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్ మూడును ఒక్కటే, కరెంటు పోయినను భయములేదు.

వాస్తవము: స్లీపులో పని ర్యామ్‌లో నుండును, యు.పి.ఎస్. లేని డెస్క్‌టాపునకు కరెంటు పోయినచో, పనిని డిస్కుపైనను వ్రాసియుంచు హైబ్రిడ్ స్లీప్ ఏర్పాటు లేనియెడల, సేవ్ చేయని పని తిరిగి రాదు. హైబర్నేటులో ఆ పనియంతయు డిస్కుపై వ్రాయబడి యంత్రము పూర్తిగా ఆగును. ప్లగ్గు తీసినను నష్టములేదు. షట్‌డౌన్ విషయమున మరియొక విశేషము: విండోస్ 8 నుండి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అమలులో నున్నచో, షట్‌డౌన్ చేసినపుడు విండోస్ అంతర్భాగమును, డ్రైవర్ల స్థితియు డిస్కులో దాచబడి మరునాడు యథాతథముగా తిరిగివచ్చును. కావున నిద్రను చెరుపుచున్న డ్రైవరును చక్కబరుపదలచినవారు షట్‌డౌన్ గాక రీస్టార్ట్ చేయవలెను.

అపోహ 6: మాటిమాటికి నిద్రపుచ్చినచో యంత్రము పాడగును, మేల్కొనియుంచుటయే మేలు.

వాస్తవము: నిద్రకొరకే రూపొందించిన యంత్రమునకు నిద్ర హాని చేయదు. హాని యున్నది కరెంటు బిల్లులో: ఊరకున్నను 60 వాట్లు తీసికొను డెస్క్‌టాపు రాత్రి 10 గంటలు మేల్కొనియున్నచో దినమునకు 0.6 యూనిట్లు, నెలకు 18 యూనిట్లు ఖర్చగును. నిద్రలో అది ఏ కొన్ని వాట్లతోనో సరిపెట్టుకొనును.

కావున పాఠకులారా, మీ కంప్యూటరు నిద్రింపనినాడు దానిని ఎత్తుకొని రిపేరు అంగడికి పరుగెత్తకముందు, దానియందే ఈ ప్రశ్నలను వరుసగా వేయుడు: ఎవరు ఆపుచున్నారు, ఎవరు లేపినారు, ముందు ఎవరు లేపనున్నారు. జవాబుగా పేరు దొరకినదానిని మూసియో, నవీకరించియో, అనుమతి తీసివేసియో, రీస్టార్ట్ చేసి చూడుడు. అప్పటికిని లొంగనిచో అంగడికి పొండు. కాని ఆ పేర్లను కాగితముపై వ్రాసికొని పొండు. దానివలన బాగుచేయువానికి పని సులువగును, మీకు ఖర్చు తగ్గును.