పిల్లికూనను తెచ్చుకుంటున్నారా?

మేడ్చల్, శామీర్‌పేట ఊళ్ళలో కోళ్ళఫారాలున్నాయి. దాణా బస్తాలున్నచోట ఎలుకలు చేరతాయి, ఎలుకల వెనకే పిల్లులు. అందుచేత అక్కడి పిల్లలకు పిల్లికూనను కొనవలసిన పని లేదు. గడ్డివాములోనో, కడుతున్న ఇంటి మెట్లకిందనో దొరుకుతుంది. చాలామంది రంగు చూసి ఎత్తుకొస్తారు. కాని ముందు చూడవలసింది వయస్సు.

పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని పెద్దలంటారు. ఏడు అన్న లెక్క ఎలా ఉన్నా, చోటు మార్చడం మాత్రం నిజం. కాబట్టి తల్లి కనబడనంత మాత్రాన కూనలు దిక్కులేనివని అనుకోకండి. దూరంగా నిలబడి గమనించండి. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా వాటికి చాలా ముఖ్యమైన కాలం. ఆ రోజుల్లో మనిషి చేతి స్పర్శ ఎరిగిన కూన పెద్దయ్యాక కూడా మనుషులతో చనువుగా ఉంటుంది. ఎరగనిది మచ్చిక కావడం కష్టం. అలాగని అప్పుడే తెచ్చేయకూడదు! ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండనివ్వండి. తల్లి మనుషులకు అలవాటైనదైతే రోజూ వెళ్ళి కూనను కాసేపు నిమరండి. బుసకొడితే దగ్గరకు పోవద్దు.

ఎంచుకునే రోజున నేలమీద కూర్చుని వేలు చాపండి. వచ్చి వాసన చూసే కూన చంటిపిల్లలున్న ఇంటికి తగినది. మూలన నక్కేది కోళ్ళఫారానికే మేలు. ఒళ్ళంతా తెలుపు, రెండు కళ్ళూ నీలమైతే వెనకనుంచి చప్పట్లు కొట్టి చూడండి. అలాంటివాటిలో చాలావాటికి పుట్టుచెవుడు ఉంటుంది. లారీలు తిరిగే రోడ్డు పక్క ఇంటికి అది తగదు.

ఇంతకూ మీ ఇంట్లో చేపలు, మాంసం వండుతారా? వండకపోతే బాగా ఆలోచించండి. పెరుగన్నంతో పిల్లి బతకలేదు. టారిన్ అనే పదార్థాన్ని దాని శరీరం చాలినంత తయారుచేసుకోలేదు. అది మాంసం, చేపల నుంచే అందాలి. టారిన్ లోపిస్తే కంటిలోని రెటీనా చెడిపోతుందని 1975లో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో శాస్త్రజ్ఞులు చూపారు. పాలా? ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతలోనే సుఖంగా ఉంది!

మూడు నెలలు నిండగానే పశువైద్యశాలకు తీసుకువెళ్ళి రేబీస్ టీకా వేయించండి. కుక్కకే ఆ జబ్బు వస్తుందనుకోవడం పొరపాటు. మనుషులకు టీకాలు తయారుచేసే జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట పక్కనే ఉంది. పాశ్చర్ 1885లోనే ఈ జబ్బుకు టీకా వేసి చూపాడు. అయినా లక్షణాలు బయటపడ్డాక రేబీస్ రోగి బతకడం బహు అరుదు. పిల్లి కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటికింద 15 నిమిషాలు కడగండి. తిడతారని దాచకుండా వెంటనే ఇంట్లో చెప్పి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.