షుగర్ మాత్ర, పొద్దుటి టిఫిన్, మన బ్రేక్

వెస్ట్‌మీడ్ ఆసుపత్రుల్లో, చుట్టుపక్కల క్లీనింగ్, కిచెన్ పనులు చేసే మనవాళ్లలో చాలామందికి పొద్దున ఆరింటికే షిఫ్ట్. నాలుగున్నరకి లేచి, ఖాళీ కడుపుతో షుగర్ మాత్ర వేసుకుని, ఇంత కాఫీ తాగి పరుగు. టిఫిన్ బాక్స్ తెరిచేసరికి పది దాటుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఏం తినాలని అందరూ అడుగుతారు గానీ ఎప్పుడు తినాలని అడిగేవాళ్లు తక్కువ. ముందు అదే చూద్దాం.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ మాత్రలతో, ఇన్సులిన్‌తో ఆ ప్రమాదం ఉంటుంది. ఇండియా నుంచి తెప్పించుకునే మాత్రల్లో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిపి ఒకటే మాత్రగా వస్తుంటాయి. కాబట్టి స్ట్రిప్ వెనక పేర్లు చదవండి. గ్లిమెపిరైడ్ ఉంటే దాన్ని టిఫిన్‌తో పాటే వేసుకోవాలి. మాత్ర ఐదింటికి, తిండి పదింటికి అయితే మధ్యలో మాప్ పట్టుకుని నడిచేది మీరే. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం అప్పుడే మొదలవుతాయి.

ఇక్కడి మీటర్ చూపించే అంకెని 18తో గుణిస్తే మన ఇండియా లెక్క వస్తుంది (నేను చదివింది బీకామ్, లెక్కలు నా పని). 4 అంటే 72. అంతకన్నా తగ్గితే వెంటనే ఆరేడు జెల్లీ బీన్స్ గానీ, అర డబ్బా మామూలు కూల్‌డ్రింక్ గానీ తీసుకోండి. డైట్ డ్రింక్ పనికిరాదు. 15 నిమిషాలాగి మళ్లీ చూసుకుని, పెరిగాక ఏదైనా కడుపుకి తినండి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 000కి ఫోన్ చేయాలి.

ఇక తిండి. ఇడ్లీ మానేయక్కర్లేదు, కానీ నాలుగు ఇడ్లీలు, చెంచాడు చట్నీ అంటే దాదాపు అంతా బియ్యమే, షుగర్ గబుక్కున లేస్తుంది. రెండు ఇడ్లీలకి కూరముక్కలున్న సాంబారు ఎక్కువ పోసుకోండి. బాక్సుకి నా ఓటు పెసరట్టుకే. పొట్టు పెసలు, అల్లం, పచ్చిమిర్చి, అంతే. లోపల ఉప్మా పెట్టిన ఎమ్మెల్యే పెసరట్టుని ఆదివారానికి వదిలేయండి. రాగి జావ షుగర్‌కి మందులాంటిదని మనవాళ్ల నమ్మకం. మెత్తటి పిండిని పలచగా కాచి తాగితే అది తొందరగా అరిగి షుగర్ పెరుగుతుంది, బెల్లం వేస్తే చెప్పనే అక్కర్లేదు. అదే పిండితో రొట్టె చేసి కూరతో తింటే నయం. ఓట్స్‌లో పెద్ద రేకులవి కొనండి. రుచులు కలిపిన చిన్న ప్యాకెట్లలో చక్కెర ఎంతుందో వెనక 100 గ్రాముల వరసలో చూస్తే తెలుస్తుంది. వండే ఓపిక లేనిరోజు రెండు ఉడికించిన గుడ్లు, గింజలున్న బ్రెడ్డు, లేదంటే రాత్రే పోపు వేసి పెట్టుకున్న శనగ గుగ్గిళ్లు చాలు.

రాత్రి షిఫ్ట్ వాళ్ల లెక్క వేరు. మాత్ర, ఇన్సులిన్ వేళలు సొంతంగా మార్చకుండా, మీ రోస్టర్ కాగితం జీపీకి చూపించి రాయించుకోండి.

తినడానికి టైమ్ ఇవ్వకపోతే? చాలా అవార్డుల ప్రకారం 5 గంటలకు మించి మీల్ బ్రేక్ లేకుండా పని చేయించకూడదు. ఆరింటికి ఎక్కినవాళ్లకు పదకొండు అన్నమాట. షుగర్ ఉన్నవాళ్లకు అది ఆలస్యమే. అందుకే 1992 నాటి డిజేబిలిటీ డిస్క్రిమినేషన్ చట్టం తెలిసుండాలి. ఆ చట్టం లెక్కలో షుగర్ కూడా డిజేబిలిటీయే. ఆ మాట చూసి కంగారు పడకండి, అది చట్టం వాడే పదం, మీ పనితనం మీద మచ్చేం కాదు. యజమాని మీద మోయలేని భారం పడనంత వరకు, అవసరమైన సర్దుబాటు చేయాలి. ఎనిమిదిలోపు పది నిమిషాల బ్రేక్, జేబులో జెల్లీ బీన్స్, మీటర్ చూసుకోవడానికి ఒక మూల, ఇవన్నీ అడగదగ్గవే. నోటిమాటగా కాకుండా జీపీ ఉత్తరం జతచేసి మెసేజ్‌లో అడగండి. ఫలానా వేళకి తినాలని ఉత్తరంలో ఉంటే చాలు, మీ రిపోర్టులన్నీ సూపర్‌వైజర్ చేతిలో పెట్టక్కర్లేదు. క్యాజువల్ అయినా, వీసా మీదున్నా ఈ చట్టం మీకూ వర్తిస్తుంది. క్యాజువల్ వాళ్లకు జీతంతో సిక్ లీవ్ ఉండదు (ఫుల్‌టైమ్ వాళ్లకు ఏడాదికి 10 రోజులు), కాబట్టి ఒంట్లో బాగోక ఒక షిఫ్ట్ పోతే ఆ డబ్బులు పోయినట్టే. బ్రేక్ ముందే అడగడానికి అదొక కారణం.

ఇంగ్లిష్‌లో మాట్లాడటం ఇబ్బందైతే 131 450కి ఫోన్ చేసి తెలుగు అనండి. దుబాసీని లైన్లో పెట్టి, ఫెయిర్ వర్క్ వాళ్లకి 13 13 94లో కలుపుతారు. మెడికేర్ ఉన్నవాళ్లు ఎన్‌డీఎస్‌ఎస్‌లో పేరు నమోదు చేయించమని జీపీని అడగండి, నమోదు ఉచితం.