మిద్దె మీద అరుంధతి

మా మేనత్త పెళ్ళి పగలు పది గంటల ముహూర్తంలో జరిగింది. తాళి కట్టడం అయ్యాక పురోహితులవారు ఇద్దరినీ వాకిట్లోకి తీసుకువచ్చి, మండే ఎండకేసి వేలు చూపి, "అదిగో అరుంధతి, కనిపించిందా అమ్మా?" అని అడిగారట. "కనిపించింది" అందట మా అత్త. మేము పెద్దయ్యాక, "నిజంగా ఏమి కనిపించిందత్తా?" అని అడిగితే మాత్రం, "కొబ్బరిచెట్టు మీద కాకి" అనేది.

అరవై ఏళ్ళ తరువాత ఆవిడకు అరుంధతిని నిజంగా చూపించిన రాత్రి గురించి రాద్దామని కూర్చున్నాను. దానికి ముందు మా ఊరి సంగతీ, మా చుక్కల గుంపు సంగతీ కొంచెం చెప్పాలి.

రాజపాళయం తమిళనాడులో విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉంది. విజయనగర రాజుల కాలంలో ఆంధ్రదేశం నుంచి వచ్చి స్థిరపడిన రాజుల కుటుంబాలు మావి. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పూసపాటి కుమారస్వామిరాజా గారిది మా ఊరే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాలో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. నేను అక్షరాలు దిద్దుకున్నది నలభై ఏళ్ళు దాటాకే కాబట్టి, ఇందులో తప్పులేమైనా కనిపిస్తే పాఠకులు పెద్ద మనసుతో మన్నించాలి.

నేను నూలు మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను. రాత్రి షిఫ్టు ముగించుకుని సైకిలు మీద ఇంటికి వస్తుంటే తూర్పున వేగుచుక్క ఎదురయ్యేది. చెవుల్లో ఇంకా యంత్రాల మోతే ఉండేది, ఆకాశం మాత్రం ఎంతో నిశ్శబ్దంగా కనిపించేది. అలా మొదలైంది నా పిచ్చి. అంతకుముందు 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం వచ్చింది. ఆంధ్రదేశంలో కొన్ని జిల్లాల్లో సంపూర్ణం, మాకు పాక్షికం. ఆ పూట ఇంట్లో తలుపులన్నీ మూసి, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, ఇరవై ఏళ్ళ వయసున్న నన్ను కూడా పిల్లలతోపాటు లోపలే కూర్చోబెట్టారు. కిటికీ సందులోంచి నేలమీద పడే వెలుగు ఎందుకు సన్నగిల్లుతోందో చూద్దామన్నా మా నాయనమ్మ కదలనివ్వలేదు. ఆ బాధ నాకు చాలాకాలం పోలేదు.

2010 జనవరి 15న వలయ గ్రహణం మా దక్షిణ జిల్లాల మీదుగా వెళ్ళింది. ఈసారి నన్ను ఆపే పెద్దలు లేరు. మిల్లులో నాతో పనిచేసే ఇద్దరూ నేనూ గ్రహణం అద్దాలు సంపాదించుకుని కన్యాకుమారికి బస్సెక్కాం. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సూర్యుడు బంగారు కడియంలా మారి, దాదాపు పది నిమిషాలు అలాగే ఉన్నాడు. తిరుగు బస్సులో ముగ్గురమూ ఎక్కువ మాట్లాడుకోలేదు. ఊరు చేరేలోపు మాత్రం తలా కొంత వేసుకుని దుర్భిణి కొనాలని తీర్మానించుకున్నాం.

అంతే, మా గుంపు అలా పుట్టింది. ఇప్పటికి పది పన్నెండు కుటుంబాలయ్యాయి. దానికి ఈనాటికీ పేరు లేదు. తెలుగు పేరు పెట్టాలా, తమిళ పేరు పెట్టాలా అన్న చర్చ దగ్గర ఆగిపోయింది. రిజిస్టరు చేయించాలని ఒకాయన, అక్కర్లేదని ఒకాయన. నా మటుకు నాకు పేరులేని సంఘాలే ఎక్కువకాలం బతుకుతాయని అనిపిస్తుంది!

మా దుర్భిణి ఆరంగుళాల అద్దం ఉన్నది. దాన్ని నిలబెట్టే చెక్క పీఠాన్ని మా ఊరి వడ్రంగి చేసిచ్చాడు. కొన్న మొదటి నెల అందులో మాకు ఏమీ కనిపించలేదంటే నమ్ముతారా? గొట్టం పక్కన చిన్న గురిగొట్టం ఒకటి ఉంటుంది. పగటిపూట దూరంగా ఉన్న టవరు మీద పెట్టి, రెండింటి చూపూ కలిసేలా మరలు సర్దుకోవాలి. ఆ సంగతి తెలియక నెల రోజులు చంద్రుడి కోసం ఆకాశమంతా వెతికాం. తప్పు మాదే, దుర్భిణిది కాదు.

అమావాస్యకు దగ్గరి శనివారం మా మిద్దె మీద చేరతాం. రెండో షిఫ్టు వాళ్ళు పదకొండు దాటాక వస్తారు, వాళ్ళకోసం ఫ్లాస్కులో కాఫీ ఉంచాలి. చంద్రుణ్ణి చూపించడానికైతే సప్తమి, అష్టమి రోజులు మంచివి. పున్నమినాడు గుంటల నీడలు ఉండవు, సున్నం కొట్టిన గోడలా ఉంటాడు. జనవరి నుంచి మార్చి వరకు మాకు పండగ. జూన్ వచ్చిందంటే కనుమల సందుల్లోంచి గాలీ మబ్బులూ తోసుకు వస్తాయి, ఐప్పసి కార్తీక మాసాల్లో వాన. పడమట కొండలు అడ్డం కావడం మరో ఇబ్బంది. 2020 డిసెంబరు 21న గురుడూ శనీ ఒకే చుక్కలా దగ్గరైనప్పుడు మైదానం ఊళ్ళవాళ్ళు తీరిగ్గా చూశారు, మాకు మాత్రం కొండ ముందుగానే మింగేసింది. ఇక మిల్లుల దీపాలూ, కొత్త రోడ్డు దీపాలూ ఏటేటా పెరుగుతున్నాయి. మొదట్లో మిద్దె మీదనుంచే కనిపించిన పాలపుంత కోసం ఇప్పుడు ఊరు దాటి మామిడితోటలకు వెళ్ళాల్సి వస్తోంది. ఆ దీపాల కింద పనిచేసే మా అన్నం మేము తిన్నాం కాబట్టి గట్టిగా తిట్టలేను.

పిల్లలు ఒక నోటుపుస్తకంలో చూసినవన్నీ రాస్తారు. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. కృత్తికలను మా ఇళ్ళలో పిల్లలకోడి అంటారు, అది పిల్లలకు వెంటనే పట్టుబడింది. కానీ తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. ఒక పిల్లవాడు 'గురుడు' అని రాశాడు, వాళ్ళ టీచరు 'కురుడు' అని చదివి అదిరిపడింది. తమిళంలో కురుడు అంటే గుడ్డితనం! ఆ మరుసటి శనివారమే నలుగురు పిల్లలకు 'గ' దిద్దించాను. నక్షత్రాల పుణ్యమా అని మా మిద్దె మీద తెలుగు బడి మొదలైంది. అక్షరాలు నలభై దాటి వచ్చాయి, ఇంకొన్ని మిగిలాయి. ఈలోపు ఇద్దరు పిల్లలు చదువులకని బెంగుళూరు వెళ్ళిపోయారు. గుంపులో కుర్రాళ్ళు నిలవకపోవడం ఒక్కటే నాకు దిగులు.

ఆ బడిలోనే ఒక అమ్మాయి అడిగింది: "తాతా, మనవాళ్ళెవరైనా ముందు ఇలా చూశారా?"

చూశారమ్మా, అన్నాను. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారని ఒక జమీందారు ఉండేవారు. చిన్న వయసులో మద్రాసు వెళ్ళి, అక్కడి అబ్జర్వేటరీలో టేలర్ దొర దగ్గర విద్య నేర్చుకుని, 1840 ప్రాంతంలో తన సొంత ఖర్చుతో ఇంట్లోనే అబ్జర్వేటరీ కట్టుకున్నారు. ఆ చోటు డాబా గార్డెన్స్. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని చేతికి తీసుకున్నారు. ఈయన డిప్యూటీ కలెక్టరుగా చేసిన మనిషి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్నీ, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్నీ పరిశీలించి, లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి రాసి పంపారు. ఆ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది. 1868 గ్రహణం కోసమే ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరు దాకా వచ్చాడు. ఆ గ్రహణంనాటి పరిశీలనలే తరువాత హీలియం అనే మూలకాన్ని గుర్తించడానికి దారితీశాయి. బెలూన్లలో నింపే వాయువు కథకు మన గుంటూరులో ఒక అధ్యాయం ఉందంటే పిల్లలు నోళ్ళు తెరిచారు.

నరసింగరావు గారి దగ్గరున్న పెద్ద దుర్భిణి కూడా ఆరంగుళాలదే. ఆయనది ఇంగ్లండులో కుక్ కంపెనీ చేసిన కటకాల దుర్భిణి, మాది అద్దందీ, చవకదీ. అయినా ఆ ఆరంగుళాల మాట విన్నప్పటినుంచి మా పిల్లలు దాన్ని తుడిచే తీరే మారింది.

ఇంకొక సంగతి. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ధ్రువనక్షత్రం క్షితిజం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉంటే, మీ ఊరి అక్షాంశం దాదాపు అంత. విశాఖలో అది రెండు పిడికిళ్ళకు కాస్త తక్కువ. మాకు ఒక్క పిడికిలి, అదీ చాలీచాలకుండా. మా పూర్వులు బళ్ళ మీదా కాళ్ళ మీదా దక్షిణానికి వస్తుంటే ధ్రువుడు వాళ్ళ వెనకాల ఒక్కొక్క డిగ్రీ కిందికి దిగుతూ వచ్చాడన్నమాట. ఎదురుగా అగస్త్యుడు అంతకంత పైకి లేచి ఉంటాడు. మీరు ఢిల్లీలో ఉంటే మూడు పిడికిళ్ళు, లండన్‌లో అయిదు. ఆస్ట్రేలియాలో ఉన్నవారు పాపం వెతకనక్కర్లేదు, అక్కడ ధ్రువుడు కనిపించడు. ఈ రాత్రే పిల్లలతో కొలిచి చూడండి.

ఇప్పుడు మా అత్త. 2025 మే నెల, అమావాస్యకు ముందు శనివారం. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయి ఆరు నెలలయింది. అత్తకు అప్పటికి ఎనభై. మామ మోకాళ్ళ నొప్పులతో కింద వసారాలోనే ఉండిపోయారు. అత్త మాత్రం రెండు మెట్లకోసారి ఆగుతూ, నా భుజం పట్టుకుని మిద్దె ఎక్కింది. ఎనిమిదిన్నర అయింది. కింద సపట్టై మామిడిపళ్ళ వాసన.

ఉత్తరాన సప్తర్షులు నిలబడి ఉన్నారు. "ఇది ముసలమ్మ మంచం కదరా" అంది అత్త. నాలుగు చుక్కలు మంచం కోళ్ళు, తోకలో మూడు చుక్కలు దాన్ని ఎత్తుకుపోవాలని వచ్చిన దొంగలు. ఆ నడిమి దొంగే వసిష్ఠుడని నేను చెప్పాను. "ఛీ, ఋషిని దొంగ అంటావా" అని కసిరింది. తరువాత చాలాసేపు కళ్ళు చికిలించి చూసి, "ఒక్కటే ఉంది" అంది. నాకు గుండె జారింది. వసిష్ఠుడి పక్కన అరుంధతి కనబడాలంటే మంచి చూపు కావాలి.

స్టూలు మీద కూర్చోబెట్టి దుర్భిణి తిప్పాను. అత్త కన్ను ఆనించింది. పిల్లలంతా ఊపిరి బిగబట్టారు.

"మూడున్నాయే?"

వసిష్ఠుడని మనం చూసేది దుర్భిణిలో రెండు చుక్కలుగా విడిపోతుంది. కొంచెం ఎడంగా అరుంధతి. శాస్త్రజ్ఞులు ఇంకా లోతుగా చూసి ఆ రెండింటిలో ఒక్కొక్కటీ జంటేనని తేల్చారు. 2009లో అరుంధతి పక్కనా ఒక మసక చుక్కను కనిపెట్టారు. మొత్తం ఆరు. ఇదంతా చెబితే అత్త కన్ను తీయకుండానే, "ఉమ్మడి కుటుంబం అన్నమాట" అంది. అవి సుమారు ఎనభై కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. "ఇప్పుడు నీ కంట్లో పడుతున్న వెలుగు నువ్వు పుట్టిన రోజుల్లో అక్కడ బయలుదేరింది అత్తా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. పిల్లలు తమ వంతు అడుగుతున్నా లేవలేదు.

లేచాక నేను ఆవిణ్ణి దక్షిణం వైపు తిప్పాను. కొబ్బరాకుల పైన నాలుగు చుక్కలు శిలువలా నిలబడి ఉన్నాయి. "వాడెవడు?" అంది. పెద్దలు త్రిశంకు అంటారని చెప్పాను. అత్తకు కథ నోటికి వచ్చు. బొందితో స్వర్గానికి పంపమని త్రిశంకు వసిష్ఠుణ్ణి అడగడం, ఆయన కాదనడం, విశ్వామిత్రుడు పంపడం, దేవతలు తలకిందులుగా తోసేయడం అన్నీ పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగి, ఉత్తరానికీ దక్షిణానికీ చూసి, "కాదన్నవాడు అక్కడ, కాదనిపించుకున్నవాడు ఇక్కడ. మన మిద్దె ఇద్దరికీ నడుమ ఉందేమిట్రా!" అంది. పదిహేనేళ్ళుగా ప్రతి వేసవిలో ఆ రెండిటినీ చూస్తున్నాను, ఒక్కసారి కూడా నాకు తోచలేదు. ఆ రాత్రి నోటుపుస్తకంలో ఒక పాప ఈ మాటను తెలుగు అక్షరాలతోనే రాసింది. 'త్రిశంకు'లో వత్తు తప్పింది, నేను దిద్దలేదు.

పదిన్నరకు అత్తను కిందికి దించాను. మామ మేలుకునే ఉన్నారు.

"ఏమండీ, ఇవాళ అరుంధతి నిజంగా కనిపించింది" అంది అత్త.

"అంటే పెళ్ళిలో అబద్ధం చెప్పావా?"

"మీకు కనిపించిందా ఏమిటి?"

మామ కాసేపు పైకప్పు కేసి చూశారు. "నేనూ కాకినే చూశాను" అన్నారు.

వచ్చే శనివారం ఆయన్ని కుర్చీతో సహా మిద్దె ఎక్కించడానికి నలుగురు కుర్రాళ్ళను మాట్లాడి పెట్టాను.