బ్రోకర్‌కి ఇచ్చేది దేనికి?

హైదరాబాద్ పాతబస్తీలో ఈ మధ్య బ్రోకర్ లేకుండా ఇళ్లు కొన్నవాళ్లలో పెద్ద ఆసామి ప్రభుత్వమే. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో వేయడానికి దారుల్‌షిఫా, పురానీ హవేలీల మీదుగా రోడ్డు వెడల్పు చేయాల్సి వచ్చింది. దారిలో పడిన ఆస్తులకు గజానికి 81,000 రూపాయలు లెక్కగట్టారు. 2025 జనవరిలో చెక్కుల పంపిణీ మొదలైంది. దారుల్‌షిఫా, పురానీ హవేలీలు దబీర్‌పురా దర్వాజా నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే. కొనేవాడి దగ్గర డబ్బుంది, ధర ముందే చెప్పాడు, కమీషన్ లేదు. (అమ్మడం మీకిష్టమేనా అన్న ప్రశ్నకు భూసేకరణలో పెద్ద చోటు ఉండదు, అది వేరే సంగతి.) ఇన్ని సౌకర్యాలున్నా, చెక్కు చేతికి రావాలంటే ప్రతి ఇంటివాళ్లూ ముందు ఈ ఇల్లు తమదేనని కాగితాలతో చూపించుకోవాలి.

బ్రోకర్ లేకుండా అమ్మాలనుకునేవాళ్లు మామూలుగా కమీషన్ లెక్కతో మొదలుపెడతారు. ఎనభై గజాల ఇల్లు అరవై లక్షలకు కుదిరిందనుకుందాం. ఒక్కో వైపు ఒకటో రెండో శాతం అంటే అరవై వేల నుంచి లక్షా ఇరవై వేల దాకా. మిగిలితే మంచిదే. అదే ఇంటికి పూర్తి ధర మీద రిజిస్ట్రేషన్ చేయిస్తే ప్రభుత్వానికి కట్టేది ఏడున్నర శాతం: స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం నాలుగున్నర లక్షలు. 2021 జులై దాకా ఇది ఆరు శాతం ఉండేది. ప్రభుత్వం తీసుకునే ఈ కమీషన్ తగ్గించమని ఎవరూ బేరమాడరు.

ఇంతకీ బ్రోకర్ చేసే పనేమిటి? కొనేవాణ్ని వెతకడం, ధర చెప్పడం, కాగితాలు చూడడం, ఇంటివాళ్లందరినీ ఒక్క మాట మీదికి తేవడం. వీటిలో మొదటి రెంటికీ ఇప్పుడు ఆయన అవసరం పెద్దగా లేదు. మూడోది ఆయన ఎప్పుడూ చేయలేదు, చేసినట్టు కనిపిస్తాడంతే. దబీర్‌పురాలో ఆయన సంపాదన నాలుగో పనిలోనే ఉంది.

కొనేవాడి సంగతి ముందు చూద్దాం. 2014లో మొదలైన నోబ్రోకర్ లాంటి యాప్‌లు గచ్చిబౌలి ఫ్లాట్లకు బాగానే పనికొస్తాయి. టవర్ పేరు, ఫ్లోరు, ఫేసింగ్ చెబితే ఇంటి జాతకం సగం తెలిసిపోతుంది. పాతబస్తీ గల్లీ ఇల్లు అలా ఫొటోకు లొంగదు. పోనీ గోడ మీద అమ్మకానికుందని బోర్డు రాయిస్తే కొనేవాళ్లకన్నా ముందు బంధువులు వస్తారు. ఇక్కడ సహజమైన కొనుగోలుదారుడు గోడకు అవతలే ఉంటాడు. అరవై గజాల్లో పెళ్లైన ఇద్దరు కొడుకులతో ఇరుక్కున్న ఇంటికి పక్కిల్లు కలిసొస్తే అంతకన్నా ఏం కావాలి? ముస్లిం న్యాయంలో షుఫా అని, పొరుగువాడికే ముందు కొనే హక్కు ఉండేది. కేవలం పొరుగు కావడం వల్ల వచ్చే ఆ హక్కు చెల్లదని హైదరాబాద్ హైకోర్టు 1954లోనే చెప్పింది, 1962లో సుప్రీంకోర్టూ అదే మాటంది. హక్కు పోయినా మర్యాద పోలేదు. పక్కింటాయన్ని అడక్కుండా బయటివాళ్లకు అమ్మి చూడండి, కొన్నవాళ్లు మోరీ నీళ్ల దగ్గర దాని ఫలితం అనుభవిస్తారు.

ధర విషయంలో ఎలాగూ మెట్రో పరిహారం అందరి నోళ్లలో నానింది. రోడ్డు మీది గజానికి ఇచ్చిన రేటు ఆటో దూరని గల్లీకి వర్తించదని అమ్మేవాళ్లకు నచ్చజెప్పడమే కష్టం.

ఇక కాగితాలు. అమ్మేవాళ్లు ముందుగా చేతిలో పెట్టేది ఈసీ, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఉన్న లావాదేవీలు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మంచి సౌకర్యమే, కానీ ఈసీ రిజిస్టరైన సంగతులే చెబుతుంది. తండ్రి ఎప్పుడు పోయాడో, ఎంతమంది పిల్లలో, కోర్టులో దావా ఉందో లేదో దానికి తెలియదు. ఒరిజినల్ పత్రాలు ఎవరి దగ్గరో తాకట్టులో ఉన్నా తెలియకపోవచ్చు. అందుకే జిరాక్సులు చూసి బయానా ఇవ్వకూడదు. ఆషుర్‌ఖానాలు, దర్గాలు, మసీదులు ఇంత దగ్గరదగ్గరగా ఉన్న పేటలో వక్ఫ్ గెజిట్, నిషేధిత ఆస్తుల 22ఏ జాబితా కూడా చూసి తీరాలి. ఒకసారి వక్ఫ్ అయిన ఆస్తి ఎప్పటికీ వక్ఫేనని సుప్రీంకోర్టు 1998లో ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు కేసులోనే తేల్చింది. ఎన్ని చేతులు మారినా అంతే.

నోటరీ ఇళ్లది మరో కథ. పాతబస్తీలో ఇల్లు చేతులు మారినా రిజిస్ట్రేషన్ దాకా వెళ్లని కుటుంబాలు చాలా ఉన్నాయి. వంద రూపాయలు, ఆ పైన విలువున్న ఇల్లు అమ్మితే రిజిస్టర్ చేయాలని 1908 నాటి చట్టం చెబుతోంది. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొంటే యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 జులైలో తెలంగాణ ప్రభుత్వం నోటరీ ఇళ్లను క్రమబద్ధీకరిస్తామని జీవో 84 తెచ్చింది, 125 గజాల లోపు వాటికి స్టాంపు డ్యూటీ కూడా వద్దంది. ఆ జీవో హైకోర్టుకెక్కింది. కాబట్టి ‘నోటరీయే కానీ పక్కా’ అని ఎవరైనా అంటే, ఆ పక్కాకు ఎంత ధర తగ్గిస్తారో అడగండి.

ఇప్పుడు నాలుగో పని. ఇంటి యజమాని చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు మిగిలారు. ముస్లిం వారసత్వంలో ఆ క్షణం నుంచే ఎవరి వాటా వారిది, కుటుంబ పెద్ద అందరి తరఫునా అమ్మే పద్ధతి లేదు. పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు. మిగతా దాంట్లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒకటి. ఎనభై గజాల్లో తల్లికి పది, కొడుకులకు ఇరవై చొప్పున, కూతుళ్లకు పది చొప్పున. అరవై లక్షలైతే తల్లికి ఏడున్నర, కొడుకులకు పదిహేనేసి, కూతుళ్లకు ఏడున్నరేసి లక్షలు. ఇంత చక్కగా తెగే లెక్క జీవితంలో అరుదు. కానీ ఇంట్లో ఉంటున్నది పెద్ద కొడుకు, బేరమాడుతున్నదీ ఆయనే. చెల్లెళ్ల మాట ఎత్తితే ‘వాళ్లేమీ అనరు’ అంటాడు. దబీర్‌పురా ఆస్తి చరిత్రలో అత్యంత ఖరీదైన వాక్యం ఇదే అయి ఉంటుంది.

ఎందుకంటే ఆయన తన ఇరవై గజాలు మాత్రమే అమ్మగలడు. సంతకం పెట్టని చెల్లెలి పది గజాలు రిజిస్ట్రేషన్ తర్వాత కూడా చెల్లెలివే. పైగా బయటివాడు నివాసగృహంలో విడదీయని వాటా కొంటే, కుటుంబంతో పాటు అందులో చేరి ఉండే హక్కు ఆస్తి బదిలీ చట్టం ఇవ్వదు. పంపకాల దావా వేసుకోవాల్సిందే. వారసుల్లో మైనర్ ఉంటే తల్లి సంతకం చాలదు. తండ్రి పోయాక ముస్లిం మైనర్ ఆస్తిని అమ్మే అధికారం తల్లికి లేదని ప్రీవీ కౌన్సిల్ 1918లో చెప్పిన మాటే ఇప్పటికీ నడుస్తోంది, కోర్టు అనుమతి కావాలి. తండ్రి బతికుండగానే నోటిమాటగా హిబా (దానం) చేశాడని ఒకరు ముందుకు రావచ్చు. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం చేయడం జరిగితే ముస్లిం దానానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2011లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది. ఈసీలో దాని జాడ ఉండదు. ఇంటి తాగునీటి బిల్లు ఎవరి పేరున వస్తోందో, పై అంతస్తులో ఎవరుంటున్నారో అడిగితే తెలియవచ్చు.

ఒక చెల్లెలు జిద్దాలో ఉందనుకోండి. ఆమె పంపే జీపీఏ భారతదేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి. ధర యాభై లక్షలు దాటింది కాబట్టి కొనేవాళ్లు ఒక శాతం పన్ను పట్టుకుని కట్టాలి. ఆరుగురు పంచుకుంటే ఒక్కొక్కరిది యాభై లోపే కదా అనే తెలివి 2024 అక్టోబర్ నుంచి పనిచేయడం లేదు, మొత్తం ధరే లెక్క. జిద్దా చెల్లెలు ఎన్ఆర్ఐ, ఆమె వాటాకు ఒక శాతం సరిపోదు, లెక్కే వేరు. నగదు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇరవై వేలు, ఆ పైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత సొమ్మూ జరిమానాగా కట్టాల్సి రావచ్చు. 2015 జూన్ నుంచి ఉన్న రూల్ ఇది.

బ్రోకర్ లేకపోతే చట్టపరమైన రక్షణ పోతుందేమోనన్న భయం అక్కర్లేదు. 2016 నాటి రెరా చట్టం ఏజెంట్లను రిజిస్టర్ చేసుకోమన్నది ప్రాజెక్టుల్లో అమ్మకాలకే. చాయ్ హోటల్‌లో కూర్చుని గల్లీ ఇళ్లు చూపించే ఆయనకు ఆ రిజిస్ట్రేషన్‌తో పనిలేదు. సేల్ డీడ్ మీరే రాసుకోవచ్చు, లాయర్‌తో రాయించుకుంటే ఇంకా మంచిది. 2025 ఏప్రిల్‌లో స్లాట్ బుకింగ్ మొదట పెట్టిన 22 ఆఫీసుల్లో ఆజంపురా కూడా ఉంది కాబట్టి, సబ్ రిజిస్ట్రార్ దగ్గర ‘మనవాడు’ ఉండాలన్న పాత వాదన కొంత పలచబడింది.

మిగిలింది ఆరుగురినీ కూర్చోబెట్టడం. అగ్రిమెంట్‌లో ప్రతి వారసుడి సంతకం, ఎవరి వాటా చెక్కు వారి పేరునే. అన్న ఖాతాలో మొత్తం వేస్తే ఆయన పంచుతాడులే అన్న నమ్మకం కొనేవాడికి అనవసరం. మాటలు లేని అన్నదమ్ములను మాట్లాడించడం, అలిగిన చెల్లెలి ఇంటికి నాలుగుసార్లు వెళ్లడం మీవల్ల అయ్యే పనైతే బ్రోకర్ అక్కర్లేదు. కాకపోతే ఆ ఒక్క పనికే ఆయన్ని పెట్టుకోండి. కమీషన్ మాత్రం బయానా రోజున ఇవ్వకుండా, ఆరుగురి వేలిముద్రలూ సబ్ రిజిస్ట్రార్ దగ్గర పడిన రోజున ఇవ్వండి.